కిప్మి0 సీపీయూని తినేస్తోందా? డ్రైవర్‌ని తీసేయకండి

మీ సర్వర్‌లో కిప్మి0 అనే ప్రాసెస్ ఒక కోర్‌ని దాదాపు 100 శాతం వాడేస్తోందని, ఐపీఎంఐ (సర్వర్ హార్డ్‌వేర్‌ని గమనించి, నియంత్రించే పద్ధతి) డ్రైవర్‌ని లోడ్ కాకుండా బ్లాక్‌లిస్ట్ చేద్దామనుకుంటున్నానని రాశారు. దయచేసి ఆగండి.

మదర్‌బోర్డు మీద ఉండి సర్వర్‌ని విడిగా పర్యవేక్షించే బీఎంసీ చిప్‌తో లినక్స్ సాధారణంగా మాట్లాడేది ఐపీఎంఐ_ఎస్ఐ అనే ఈ డ్రైవర్ ద్వారానే. చాలా బోర్డుల్లో ఈ మాటలు సాగే కేసీఎస్ ఇంటర్‌ఫేస్‌కి ఇంటరప్ట్ (జవాబు సిద్ధమని తెలిపే సిగ్నల్) ఉండదు. అందుకే జవాబు వచ్చిందా అని కిప్మి0 అనే కర్నెల్ థ్రెడ్ బీఎంసీని పదేపదే అడుగుతూ ఉంటుంది. దాని ప్రయారిటీ చాలా తక్కువ, వేరే పని వస్తే పక్కకు తప్పుకుంటుంది. కాబట్టి టెన్షన్ వద్దు.

తగ్గించాలంటే రూట్‌గా సిస్ ఫోల్డర్‌లో ఐపీఎంఐ_ఎస్ఐ మాడ్యూల్ పారామీటర్లలోని కిప్మిడ్_మ్యాక్స్_బిజీ_యూఎస్ ఫైల్‌లో 100 రాయండి. అంటే 100 మైక్రోసెకన్లు ఇలా అడిగాక థ్రెడ్ కాసేపు నిద్రపోతుంది. రీబూట్ తర్వాతా ఉండాలంటే మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్ కింద ఆప్షన్స్ లైన్‌గా పెట్టండి. డ్రైవర్ కర్నెల్‌లోనే కలిసి ఉంటే బూట్ లైన్‌లో ఇవ్వాలి. బీఎంసీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ని సర్వర్ లోపలి నుంచి చేసేటప్పుడు మాత్రం ఈ పరిమితి తీసేయండి, లేకపోతే చాలా నెమ్మదిస్తుంది.

నాకు అసలు అనుమానం మీ మానిటరింగ్ స్క్రిప్ట్ మీద. నిమిషానికోసారి సెన్సర్లన్నీ చదివితే ప్రతిసారీ ఎస్‌డీఆర్ (బీఎంసీలోని సెన్సర్ల వివరాల పట్టిక) మొత్తం దిగుతుంది. ఐపీఎంఐటూల్‌లో ఎస్‌డీఆర్ డంప్ కమాండ్‌తో ఆ పట్టికని ఒకసారి ఫైల్‌లో దాచి, పెద్ద ఎస్ ఆప్షన్‌తో దాన్నే ఇవ్వండి.

నెట్‌వర్క్ నుంచి పవర్ ఆన్, ఆఫ్ చేయడానికి ఈ డ్రైవర్ అక్కర్లేదు, బీఎంసీయే చూసుకుంటుంది. కానీ ఐపీఎంఐ వాచ్‌డాగ్ (సర్వర్ స్తంభిస్తే రీస్టార్ట్ చేసే టైమర్) వాడుతుంటే ఇది ఉండి తీరాలి.