సైడ్‌బాటమ్ వారి ఇంటిపేరు

డాక్టర్ గారూ, మా అబ్బాయి టీవీలో 2007 నాటి భారత్–ఇంగ్లండ్ టెస్టుల హైలైట్స్ పెట్టాడు. ఉంగరాల జుట్టున్న ఎడమచేతి బౌలర్ పేరు తెర మీద పడగానే పిల్లలంతా పడీపడీ నవ్వారు. రయన్ సైడ్‌బాటమ్! బాటమ్ అంటే పిర్ర కదండీ? పక్క పిర్ర అని ఎవరైనా ఇంటిపేరు పెట్టుకుంటారా? మీరు ఆ దేశంలో చాలాకాలం ఉండి వచ్చారని అడుగుతున్నాను.
— ఒక గృహిణి, నెల్లూరు

పిల్లల్ని నవ్వనివ్వండమ్మా. నేనూ నవ్వినవాణ్ణే.

1981లో మాంచెస్టర్‌కి తూర్పున, పెనైన్ కొండలు మొదలయ్యే చోట ఒక చిన్న క్లినిక్‌లో చేరాను. మొదటి సోమవారం రిసెప్షన్‌లో ఉండే ఆవిడ పేషెంట్ల జాబితా తెచ్చి బల్ల మీద పెట్టింది. సైడ్‌బాటమ్, వింటర్‌బాటమ్, హిగిన్‌బాటమ్, రోబాటమ్. కొత్తగా వచ్చిన ఇండియన్ డాక్టర్ని ఆటపట్టిస్తున్నారని నమ్మేశాను. బయటికి వెళ్లి పేరు పెట్టి పిలవాలంటే నోరు రాలేదు. తలుపు కొంచెం తీసి "నెక్స్ట్" అన్నాను. ఎవరూ లేవలేదు. అక్కడ పేరుతో పిలవడమే మర్యాద.

చివరికి లోపలికి వచ్చినాయన నూలు మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. దగ్గు కోసం వచ్చాడు. నా మొహం చూసి సంగతి పసిగట్టినట్టున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుని నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. కింద ఏరు, దానికి రెండు పక్కలా పచ్చగా చదునుగా ఉన్న నేల, ఆ పైన నిట్టనిలువు కొండ. "ఆ చదును కనపడుతోందా? దాన్నే బాటమ్ అంటాం" అన్నాడు.

అంతేనమ్మా. పాత ఇంగ్లీషులో బోత్మ్, బోథ్మ్ అంటే లోయ అడుగున ఉండే పల్లపు నేల. సీద్ అంటే వెడల్పైనది. రెండూ కలిస్తే వెడల్పాటి లోయ. చెషైర్‌లో ఆ పేరున్న ఒక చిన్న చోటు ఉండేది. అక్కడివాళ్లకి అదే ఇంటిపేరైంది. తర్వాతి కాలంలో పాత మాట మరుగునపడి, సీద్ కాస్తా నోళ్లలో సైడ్ అయి కూర్చుంది. పక్కకీ దానికీ సంబంధం లేదు.

పిర్ర మాటకొస్తే, బాటమ్‌కి ఆ అర్థం పట్టిన దాఖలాలు 1790ల నుంచే కనిపిస్తాయి. తొలి వాడుకల్లో ఒకటి ఎరాస్మస్ డార్విన్ అనే వైద్యుడి పుస్తకంలో ఉంది. కోతి నుంచి మనిషి అన్నాడే, ఆ చార్లెస్ డార్విన్‌కి తాతగారు. ఇంటిపేరేమో అంతకు కొన్ని వందల ఏళ్ల ముందుది. కాబట్టి పాపం సైడ్‌బాటమ్ వారిది కాదు, మా డాక్టర్లదే.

మాది కోనసీమ. మా వైపు లంకా వారు ఉన్నారు. గోదావరి పాయల మధ్య మేట వేసిన నేలని లంక అంటాం. సంగతి తెలియని వాడెవడో "మీది రావణుడి వంశమా?" అంటే వాళ్లకి ఎలా ఉంటుందో, సైడ్‌బాటమ్ వారికి మీ ఇంట్లో నవ్వు అలా ఉంటుంది.

ఆ లోయల్లో తిరిగిన కొద్దీ ఈ పేర్లన్నీ ఒకటొకటిగా విడిపోయాయి. వింటర్‌బాటమ్ అంటే చలికాలంలో పశువుల్ని తోలే లోయ. రోబాటమ్ ఎగుడుదిగుడు లోయ. లాంగ్‌బాటమ్ సంగతి మీరే చెప్పగలరు. బరీ దగ్గర రామ్స్‌బాటమ్ అనే ఊరే ఉంది. అందులో ఉన్నది పొట్టేలా, అడవి వెల్లుల్లా అని పండితులు ఇంకా తేల్చుకోలేదు. నా ఓటు వెల్లుల్లికి. ఏప్రిల్‌లో ఆ ఏటిగట్ల మీద నడిస్తే ముక్కుకి తెలుస్తుంది. అన్నిటికన్నా నవ్వు తెప్పించే షఫుల్‌బాటమ్ కూడా ఆ చుట్టుపక్కలదే. పాత రూపం విప్పి చూస్తే గొర్రెల వాగు ఉన్న లోయ.

మా క్లినిక్‌కి దగ్గర్లో ఎథరో ఏటి ఒడ్డున బ్రాడ్‌బాటమ్ అని రైలు స్టేషన్ ఉన్న చిన్న ఊరు ఉండేది. దాని అర్థమూ వెడల్పాటి లోయే. 19వ శతాబ్దంలో ఆ ఊళ్లో పెద్ద నూలు మిల్లులు నడిపింది ఎవరనుకున్నారు? సైడ్‌బాటమ్ వారే. వెడల్పాటి లోయలో వెడల్పాటి లోయ వారి మిల్లు! పక్కనే హాడ్‌ఫీల్డ్‌లోనూ వాళ్లకి మిల్లులుండేవి. ఆ కుటుంబం నుంచి టామ్ హారప్ సైడ్‌బాటమ్ అనే ఆయన 1874లో స్టేలీబ్రిడ్జ్ నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. సభలో ఆ పేరు పిలిచినప్పుడు ఎవరైనా నవ్వారో లేదో. మిల్లు యజమాని పేరు విని నవ్వడానికి ధైర్యం కావాలి లెండి.

మీ బౌలర్ హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టాడు. అది కొండకి అవతలి పక్క, యార్క్‌షైర్ వైపు. వాళ్ల నాన్న ఆర్నీ సైడ్‌బాటమ్ కూడా ఇంగ్లండ్‌కి ఒకే ఒక్క టెస్టు ఆడాడు, 1985లో ఆస్ట్రేలియా మీద. ఆయన అంతకుముందు మాంచెస్టర్ యునైటెడ్‌కి ఫుట్‌బాల్ కూడా ఆడాడు. కొడుకు 22 టెస్టులు ఆడి, 2008లో హామిల్టన్‌లో న్యూజిలాండ్ మీద హ్యాట్రిక్ తీశాడు. మీ అబ్బాయికి ఆ వీడియో కూడా పెట్టమనండి.

డాక్టర్ గారూ, నేను స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. ఇంగ్లండ్‌లో కొన్ని ఇంటిపేర్లు లక్షల మందికీ, కొన్ని పట్టుమని వంద మందికీ ఎందుకుంటాయి? అరుదైన పేరు మొదటి నుంచీ అరుదేనా?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

బాబూ, నీ ప్రశ్నకి జవాబు నీ సబ్జెక్టులోనే ఉంది. చిత్రమేమిటంటే, ఇది సరిగ్గా ఇలాంటి ప్రశ్నలు–జవాబుల శీర్షికలోంచే పుట్టింది. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 'ఎడ్యుకేషనల్ టైమ్స్' పత్రికలో పాఠకులకి ఒక లెక్క విసిరాడు. ఇంటిపేరు కొడుకుల ద్వారానే నడిచే సమాజంలో కొన్ని తరాలకి ఎన్ని పేర్లు అంతరిస్తాయి అని. హెన్రీ వాట్సన్ అనే మతాచార్యుడు జవాబు పంపాడు. 1874లో ఇద్దరూ కలిసి దాన్ని అచ్చు వేశారు.

నువ్వే వేసి చూడు. జనాభా పెరగకుండా నిలకడగా ఉందనుకో. ఒక్కో మగవాడికి సగటున ఒక్క కొడుకు. కొందరికి ముగ్గురు, కొందరికి అసలు లేరు. ఇలాంటి అవకాశాలు లెక్కకట్టే పాయిసాన్ సూత్రం ప్రకారం ఒకే మనిషితో మొదలైన ఇంటిపేరు మొదటి తరంలోనే పోయే అవకాశం 37 శాతం. ఐదో తరానికి 73. ఇరవై తరాలు దాటేసరికి నూటికి తొంభైకి పైన. ఆడపిల్లలు ఎందరున్నా పెళ్లితో ఆ పేరు వదిలేసేవాళ్లు కనుక లెక్కలోకి రారు. వాట్సన్ మాత్రం తొందరపడి, చివరికి అన్ని పేర్లూ పోవాల్సిందేనని తేల్చేశాడు. జనాభా పెరిగేటప్పుడు కొన్ని నిలుస్తాయి, ఈ లెక్క తేల్చే సమీకరణానికి ఉన్న రెండో జవాబుని ఆయన పట్టించుకోలేదు. స్టెఫెన్‌సెన్ అనే డేనిష్ గణితజ్ఞుడు 1930లో పూర్తి పరిష్కారం ఇచ్చాడు. పత్రికల్లో జవాబులు రాసేవాళ్లకి ఇదొక హెచ్చరిక. నాతో సహా.

స్మిత్ అంటే కమ్మరి. ప్రతి ఊళ్లోనూ ఒక కమ్మరి ఉంటాడు కనుక ఆ పేరు వేల చోట్ల విడివిడిగా పుట్టింది. ఇప్పుడు బ్రిటన్‌లో ఐదు లక్షలకి పైగా స్మిత్‌లు ఉన్నారు. సైడ్‌బాటమ్‌కి అలా కాదు, ఒక్క లోయే దిక్కు. పైగా ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు స్థిరపడుతున్న కాలంలోనే, 1348–49లో ప్లేగు వచ్చి జనంలో మూడో వంతుకి తక్కువ కాకుండా తుడిచిపెట్టింది. ఒక్క ఊరికే పరిమితమైన పేర్లు ఎన్ని ఆ రెండేళ్లలో మట్టిలో కలిసిపోయాయో ఊహించుకో. నిలిచినవి నిలిచాయి. ఊరు దాటి వెళ్లినవాళ్లు తక్కువ కనుక నిలిచిన చోటే ఉండిపోయాయి. 1881 జనగణనలో సైడ్‌బాటమ్‌లని మ్యాపు మీద చుక్కలుగా పెడితే చెషైర్, లాంకషైర్ సరిహద్దు దగ్గరే గుంపు కడతాయి.

ఆసక్తి ఉంటే 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసిన బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువు లైబ్రరీలో దొరుకుతుందేమో చూడు. నలభై ఐదు వేలకి పైగా పేర్లు, నాలుగు లావుపాటి సంపుటాలు. 2011 నాటికి కనీసం వంద మందికైనా ఉన్న పేర్లన్నీ అందులోకి రావాలని పెట్టుకున్నారు.

ఒకే లోయ నుంచి వచ్చారంటే సైడ్‌బాటమ్‌లంతా మన సగోత్రీకుల్లాంటివాళ్లా? వాళ్లలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోవచ్చా?
— లీడ్స్‌లో ఉంటున్న తెలుగు ఇంజనీరు

పెళ్లికి అక్కడ ఇంటిపేరు అడ్డం కాదండీ. రక్తసంబంధం మాటకొస్తే, మీ పక్క ఊళ్ల పేరు మీదే ఒక మంచి పరిశోధన జరిగింది. సైక్స్ అనే పేరు మీరు రోజూ వింటూనే ఉంటారు, హడర్స్‌ఫీల్డ్ చుట్టూ చాలామంది. సైక్ అంటే చిన్న వాగు. అలాంటి వాగులు వందలున్నాయి కనుక పేరు చాలా చోట్ల పుట్టి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో జన్యుశాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్, తన ఇంటిపేరే కదా అని, 48 మంది సైక్స్ మగవాళ్ల వై క్రోమోజోమ్, అంటే తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేది, పరీక్షించాడు. సుమారు 44 శాతం మందికి ఒకే గుర్తులు. అంటే ఒక్క మూలపురుషుడు ఉండే అవకాశం బలంగా ఉంది. 2000లో ఇది అచ్చయింది. మిగతా వాళ్లకి ఎందుకు కలవలేదంటే, ఏడు వందల ఏళ్లలో దత్తతలు, మారుపేర్లు, ఇంకా పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడుకోని సంగతులు. మన గోత్రాలకి ఇలాంటి పరీక్ష చేస్తే ఏమొస్తుందో నేనైతే అడగను. శత్రువులు నాకు ఇప్పటికే చాలినంత మంది ఉన్నారు.

ఇయాన్ బోథమ్ పేరుకి కూడా దీనితో చుట్టరికం ఉందా?
— ఒక క్రికెట్ అభిమాని, వరంగల్

ఉంది. అదే మాట, బోథ్మ్. ముందు ఏ తోకా లేకుండా ఉత్త 'లోయ' అన్నమాట. అందుకే సైడ్‌బాటమ్‌నే కొందరు సైడ్‌బోథమ్ అని రాసుకుంటారు. నేను ఉద్యోగంలో చేరిన ఆ జూలైలోనే హెడింగ్లీ టెస్టులో ఆయన 149 నాటౌట్ కొట్టాడు. ఫాలోఆన్ ఆడిన ఇంగ్లండ్ 18 పరుగులతో గెలిచింది. ఆ రోజు మా వెయిటింగ్ రూమ్‌లో జబ్బుపడ్డవాళ్లు ఒక్కరూ కనపడలేదు.

ఇలాంటి పేర్లున్నవాళ్లు సిగ్గుపడి మార్చుకోరా, డాక్టర్ గారూ? మా ఇంటిపేరు నక్కా. కాలేజీలో నా బాధ నాకే తెలుసు.
— పేరు రాయవద్దన్న పాఠకుడు, విజయనగరం

మార్చుకుంటారు నాయనా. అక్కడ డీడ్ పోల్ అనే కాగితం మీద సంతకం చేస్తే చాలు. డెత్ అనే ఇంటిపేరు ఉంది, అవును, మరణమే. లండన్ కింగ్స్ కాలేజీ ఆచార్యుడు రిచర్డ్ వెబర్ 2009లో చెప్పిన లెక్క ప్రకారం 1881లో 1,133 మంది ఉంటే అప్పటికి 605 మంది మిగిలారు. దేశ జనాభా రెట్టింపు దాటిన కాలంలో ఈ పేరు సగమైంది. ఉన్నవాళ్లలో కొందరు మధ్యలో ఒక కామా లాంటిది ఇరికించి 'డి ఆత్' అని పలుకుతారు, బెల్జియంలో ఆత్ అనే ఊరి నుంచి వచ్చామన్నట్టు. ఆ పేరున్న డాక్టరైతే బోర్డు పెట్టుకోవడం కష్టమే మరి.

సైడ్‌బాటమ్‌కీ ఇలాంటి సోకు ఉంది. కొందరు 'సిడ్డీ-బొ-టోమ్' అని, ఏదో ఇటలీ నుంచి దిగినట్టు సాగదీసి పలుకుతారు. నాకిది తెలిశాక తెగ సంబరపడ్డాను. కిటికీ చూపించిన మిల్లు పెద్దాయన మూడు నెలలకి మళ్లీ దగ్గుతో వచ్చాడు. ఈసారి తలుపు బార్లా తీసి, గొంతు సవరించుకుని, హాలంతా వినపడేలా "మిస్టర్ సిడ్డీ-బొ-టోమ్!" అని పిలిచాను. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాను. మూల బెంచీ మీద ఆయన పేపరు మడిచి, కళ్లజోడు తీసి, నన్నొకసారి, తన పక్కవాళ్లనొకసారి చూశాడు. "నన్నేనా డాక్టర్? బాటమ్ అనండి, పర్లేదు. రోజూ దాని మీదే కూర్చుంటాం" అన్నాడు.