నీ సీన్‌లో కెమెరా ఒకటి చెబుతోంది, సౌండ్ ఇంకోటి

అల్లుడూ,

నువ్వు పంపిన తండ్రీకొడుకుల సీన్ మామూలుగా చూశాక, సౌండ్ ఆపేసి మళ్లీ చూశాను. ఆపేస్తేనే బాగుంది. అంటే షాట్లు పర్వాలేదు, చప్పుడే వాటికి అడ్డం పడుతోంది.

ముందు యాంగిల్ సంగతి. తండ్రి పెత్తనం కనబడాలని అతన్ని మొదటి నుంచి చివరిదాకా లో యాంగిల్‌లోనే తీశావు. కింది నుంచి తీస్తే మనిషి గొప్పగా, పైనుంచి తీస్తే అల్పంగా కనిపిస్తాడని అందరూ చెప్పే సూత్రమే. నాకు దాని మీద పెద్ద గురి లేదు. 1941లో వచ్చిన ‘సిటిజన్ కేన్’లో హీరో ఎన్నికల్లో ఓడిపోయాక స్నేహితుడితో మాట్లాడే సీన్ చూడు. సెట్‌లో నేల తవ్వి మరీ కెమెరాను దించారు. మనిషి భారీగానే కనిపిస్తాడు, కానీ పైకప్పు నెత్తిన దిగుతున్నట్టుంటుంది. అక్కడ లో యాంగిల్ చూపించేది ఓటమిని. ముందు షాట్‌కీ దీనికీ ఎంత తేడా వచ్చిందన్నదే చూసేవాడికి తగులుతుంది. నువ్వు తేడాయే ఉంచలేదు. తండ్రిని కంటి ఎత్తులో మొదలుపెట్టు. కొడుకు వెళ్లిపోతున్నానన్నాక కెమెరా దించు.

ఒకచోట గీత దాటావు, అంటే ఇద్దరినీ కలుపుతూ మనం ఊహించుకునే గీతకు కెమెరా అవతలి వైపుకు పోయింది, అందుకే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు వచ్చింది. గొడవ ముదిరాక కావాలని దాటితే వేరే మాట. ఇక్కడ మాత్రం ఆ షాట్ తీసెయ్.

ఇక సౌండ్. తండ్రి అరిచినప్పుడల్లా డ్రమ్స్ మోగించావు. మొహం చెప్పేసిందే మ్యూజిక్ మళ్లీ చెబితే రెండింట్లో ఒకటి దండగ. అది తీసేసి, పక్క గదిలో తల్లి గిన్నెలు సర్దుతున్న చప్పుడు పెట్టు. ఆమెను చూపించకు. అరుపు మొదలవగానే గిన్నెల చప్పుడు ఆగిపోవాలి. ఆమె వింటోందని అందరికీ తెలిసిపోతుంది, ఒక్క షాట్ కూడా ఖర్చు కాకుండా.

ఇంకో సంగతి. కెమెరా ఎంత దగ్గరుంటే గొంతు అంత దగ్గర వినిపించాలని లేదు. కొడుకు క్లోజప్ మీద తండ్రి మాటలు కాస్త దూరంగా, అణిగి వినిపించనీ. వాడి మనసు అప్పుడే గడప దాటిందని అర్థమవుతుంది. పై ఫ్రీక్వెన్సీలు కొద్దిగా తగ్గించి, కొంచెం రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) కలిపితే చాలు. ఎక్కువైతే నీళ్లలో మునిగి మాట్లాడినట్టుంటుంది.

చివర్లో రైల్వే స్టేషన్ రొదను, స్టేషన్ షాట్‌కి మారే కట్ కంటే ముందే, తండ్రి మొహం మీదే మొదలుపెట్టు. సెకనుకు 24 ఫ్రేములు కదా, 12 ఫ్రేముల ముందు పెట్టి చూడు, తర్వాత 36. తేడా నీకే తెలుస్తుంది.

మిగతా షూటింగ్‌లో లొకేషన్ వదిలే ముందు అందర్నీ కదలకుండా నిలబెట్టి అర నిమిషం రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట ఉండే సన్నని చప్పుడు, రికార్డ్ చెయ్యి. విసుక్కుంటారు, విసుక్కోనీ. అది లేకపోతే కట్ పడినచోటల్లా వెనక చప్పుడు తెగి వినిపిస్తుంది.

కొత్త కట్ పంపేటప్పుడు మ్యూజిక్ లేని వెర్షన్ కూడా పంపు. ముందు అదే చూస్తాను.

ఇట్లు,
మీ మావయ్య