కాలేజీ పేరు ఎంతవరకు పనికొస్తుంది? మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి కోడలికి,

మావయ్య ఆశీస్సులు. విజయనగరంలో మేమంతా కులాసా.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి విషయమంతా చెప్పింది. నీ ర్యాంకుకి కన్వీనర్ కోటాలో టెక్కలిలోనో, రాజాంలోనో, ఇక్కడ విజయనగరంలోనో సీటు వచ్చేలా ఉందట. మీ నాన్నేమో జీడితోట తాకట్టు పెట్టయినా సరే, పై రాష్ట్రంలో పేరుమోసిన ప్రైవేటు యూనివర్సిటీలో డబ్బు కట్టి చేర్పిస్తానంటున్నాడట. "పేరున్న చోట చదవకపోతే కంపెనీలు మొహం కూడా చూడవంట కదా తమ్ముడూ" అని అమ్మ అడిగింది. ఉద్యోగాలకి పిల్లల్ని ఎంపిక చేసే పనిలోనే రిటైరైనవాడిని కాబట్టి నాకు తెలిసింది నీకే నేరుగా రాస్తున్నాను. మీ నాన్నకి కూడా చదివి వినిపించు.

కాలేజీ పేరు పనిచేస్తుందమ్మా. పనిచెయ్యదని ఎవరైనా అంటే నమ్మకు. కాకపోతే ఎక్కడిదాకా పనిచేస్తుందో తెలుసుకోవాలి. పది పోస్టులకి వందల్లో, వేలల్లో అప్లికేషన్లు వచ్చి పడతాయి. అన్నీ చదివే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని ముందు బ్రాంచి, మార్కులు, బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు), కాలేజీ చూసి చాలావరకు పక్కన పెట్టేస్తారు. ఐఐటీ, ఎన్ఐటీ అని ఉన్న అప్లికేషన్ ఆ దశలో పక్కకి పోదు. ఆ పిల్ల లక్షలమందితో పోటీపడి ఎంట్రన్స్ గట్టెక్కిందని కంపెనీకి తెలుసు. వాళ్లు నమ్మేది ఆ ఎంట్రన్స్ వడపోతనే. డబ్బు కట్టి తీసుకున్న సీటు వెనక ఆ వడపోత ఏముంది? నీకు వరంగల్ ఎన్ఐటీలో సీటు వచ్చి ఉంటే తోట తాకట్టు పెట్టమని మీ నాన్నకి నేనే చెప్పేవాడిని.

పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలకి కంపెనీలు ఎక్కువగా వస్తాయన్న మాట నిజమే. కానీ అక్కడ ఒక్కో బ్యాచ్‌లో వేలమంది ఉంటారు. వచ్చిన కంపెనీ వాళ్లందరికీ కలిపి వస్తుంది. పైగా పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్ల ఉద్యోగాలకి దారి ఇప్పుడు మారింది. టీసీఎస్ 2018లో దేశమంతటికీ ఒకే నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్ మొదలుపెట్టింది. ఆ పరీక్ష రాసేటప్పుడు పలాస పిల్లకైనా చెన్నై పిల్లకైనా స్క్రీన్ మీద వచ్చేవి ఒకే రకం ప్రశ్నలు. ఎన్‌టీపీసీ లాంటి ప్రభుత్వ సంస్థలు ఇంజనీర్లని గేట్ అనే జాతీయస్థాయి పరీక్ష స్కోరు చూసి పిలుస్తాయి. ఆ స్కోరులో కాలేజీ పేరుకి ఒక్క మార్కూ లేదు.

ఇక ఇంటర్వ్యూ. కుర్చీలో కూర్చున్నాక మొదటి నాలుగు ప్రశ్నలు అయ్యేసరికే కాలేజీ పేరు వెనక్కి పోతుంది. "నీ ప్రాజెక్టు గురించి చెప్పు" అంటే చాలామంది నీళ్లు నమిలేస్తారు. కారణం మాకు తెలుసు, ప్రాజెక్టు బయట షాపులో కొన్నది. ఒకసారి మన శ్రీకాకుళం జిల్లా కుర్రాడు వచ్చాడు, ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి. కాలేజీ పేరు మా ప్యానెల్లో ఒకాయన విననే లేదు. త్రీఫేజ్ మోటారు ఎందుకు కాలిపోతుందని అడిగాం. పుస్తకంలో నిర్వచనం ఏదీ అప్పజెప్పలేదు. వాళ్ల పొలంలో బోరు మోటారుకి ఒక ఫేజ్ పోయినప్పుడు గుయ్‌మని శబ్దం వచ్చిందని, మిగతా రెండు ఫేజ్‌లు ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ వేడెక్కిందని, స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా సెట్ చేసి లేక ట్రిప్ అవలేదని కాగితం మీద గీసి చూపించాడు. తరవాత, ఒక ఫేజ్ పోతే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఎలా బిగించాడో చెప్పాడు. ఇంగ్లీషు తడబడింది, మధ్యలో తెలుగులోకి వచ్చేశాడు. అయినా తీసుకున్నాం. కాలేజీ పేరు వినలేదన్న ఆయనే ముందు సరే అన్నాడు.

నాలుగేళ్లలో నువ్వు చెయ్యాల్సిందీ అదే. ఒక్క పనైనా నీ చేత్తో మొదటినుంచి చివరిదాకా చెయ్యి, అది ఎక్కడ చెడిందో, ఎలా బాగు చేశావో చెప్పగలగాలి. బ్యాక్‌లాగ్ పెట్టుకోకు. చాలా కంపెనీలు అరవై శాతం మార్కులు అడుగుతాయి, అంతకంటే తగ్గితే ఎంత తెలివున్నా పరీక్ష దాకానే రానివ్వరు. ఇంగ్లీషు మాట్లాడ్డం మొదటి ఏడాది నుంచే అలవాటు చేసుకో. మన పిల్లలు ఓడిపోయేది ఎక్కువగా అక్కడే, దాని గురించి నాకు చాలా బెంగ. మన యాసకి మాత్రం సిగ్గుపడకు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫ్లెక్సీ మీద "అత్యధిక ప్యాకేజీ" అని వేసిన అంకె చూడకు, అది ఒక్కరికి వచ్చింది. నీ బ్రాంచిలో ఎంతమంది పాసయ్యారు, వాళ్లలో ఎంతమంది నిజంగా ఉద్యోగంలో చేరారు, మధ్యస్థంగా ఎంత జీతం వచ్చింది అని అడుగు. ఒకే పిల్లకి మూడు ఆఫర్లు వస్తే ముగ్గురిగా లెక్కేసే చోట్లు ఉన్నాయి. కోర్సు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు, కాబట్టి నీ బ్రాంచికి ఉందో లేదో చూడు. రాజాం జీఎంఆర్‌ఐటీ, ఇక్కడి ఎంవీజీఆర్ రెండూ 1997లో మొదలైనవే, సీనియర్లు ఊరూరా దొరుకుతారు. ఇక్కడి జేఎన్‌టీయూ కాలేజీ 2007లో వచ్చింది, 2022లో గురజాడ పేరుతో విడి యూనివర్సిటీ అయింది. ఆఫీసులో చెప్పింది వినేసి వచ్చెయ్యకుండా హాస్టల్ బయట టీ కొట్టు దగ్గర ఫైనలియర్ పిల్లల్ని అడుగు.

తోట సంగతి. 2018 తిత్లీ తుఫానుకి ఉద్దానంలో తోటలు ఎలా నేలకొరిగాయో నీకు గుర్తుండే ఉంటుంది. మీ నాన్న మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. అలా డబ్బు కట్టి తీసుకున్న సీటుకి ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా రాదు. ఆ అప్పు నెత్తిన ఉంటే, చదువయ్యాక ఏ ఉద్యోగం దొరికితే అందులో చేరిపోవాల్సి వస్తుంది, ఆర్నెల్లు ఆగి గేట్ రాసే వీలు కూడా ఉండదు. ఒకసారి రెండు మూడేళ్లు ఉద్యోగం చేశాక తరవాతి కంపెనీ నిన్ను అడిగేది అక్కడ ఏం పని చేశావనే.

వెబ్ ఆప్షన్లు తెరిచాక జాబితా రాసి నాకు వాట్సాప్‌లో పంపు. ఫ్రీజ్ కొట్టి ఖాయం చేసే ముందు ఒకసారి కలిసి చూద్దాం. బావతో నేను మాట్లాడతాను. ఆదివారం పలాస వస్తాను, ఈలోగా తాకట్టు కాగితాల మీద సంతకం పెట్టొద్దని నా మాటగా చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య
విజయనగరం