కంటి మందు 8-50

అమ్మాయీ,

నీ వ్యాసమూ, ఫోనుకు పంపిన ఆల్బమ్ పేజీల ఫోటోలూ అందాయి. వాక్యం శుభ్రంగా ఉంది, అచ్చుతప్పులు లేవు. ఈ రోజుల్లో అదే చాలా గొప్ప.

ముందు నాకు ఒళ్లు మండిన చోటు చెప్పనీ. "ఫోటోల కవరులో నాన్నగారు రాసుకున్న ఖర్చుల చీటీ కూడా దొరికింది కానీ పేజీల రంగులకు నప్పకపోవడంతో పక్కన పెట్టేశాను" అని మూడో పేజీ అడుగున రాశావు. ఎంత తేలిగ్గా రాశావు! వ్యాసానికేమో "పూర్తయిన ఆల్బమ్" అని పేరు. ఆ చీటీ బయట పడి ఉండగా ఏం పూర్తయినట్టు?

1994 మే నెలలో గుంటూరు నుంచి మీ నలుగురూ ఊటీ వెళ్లారు. దాన్ని నువ్వు పదిహేను పేజీల ఆల్బమ్ చేసి, ఒక్కో పేజీ గురించి ఒక్కో పేరా రాశావు. చదువుతూ ఉంటే ఇందులో మీ ఇంటి మనుషులెక్కడ అని వెతుక్కోవలసి వచ్చింది. కోయంబత్తూరు కలెక్టర్ సలివన్ 1824లో ఊటీ చెరువు కట్టించాడని ఒక పేరా అంతా ఉంది. సరే, కట్టించాడు. ఆయనకూ మీ తమ్ముడికీ ఏం సంబంధం? "యునెస్కో వారసత్వ రైలు ఎక్కే భాగ్యం కలిగింది" అన్నావు. నీలగిరి రైలుకు ఆ గుర్తింపు వచ్చింది 2005లో. మీరు దిగి వచ్చిన పదకొండేళ్లకు. మీ నాన్నగారికి అది కొండ ఎక్కే చిన్న రైలు, అంతే. ఆ మాటే రాయవలసింది.

"ముందు ఇంజను రొప్పుతూ లాగుతుంటే" అన్న వాక్యం ఇంకా అన్యాయం. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఆ రైలును ఆవిరి ఇంజను లాగదు, వెనక నుంచి తోస్తుంది. కల్లారు దాటాక ఎక్కుడు బాగా పెరుగుతుంది. పట్టాల నడుమ పళ్లున్న పట్టీలు వేసి ఉంటాయి. ఇంజను కింద పళ్లచక్రం వాటిని పట్టుకుని ఎక్కుతూ పెట్టెలను పైకి నెడుతుంది. పెట్టెలు వెనక్కి జారితే ఆపడానికి ఇంజను దిగువ వైపే ఉండాలి. ఇది తెలుసుకోవడానికి పుస్తకం కూడా అక్కర్లేదు, నీ ఆల్బమ్ ఐదో పేజీలోని ఫోటో చూస్తే చాలు. పొగ ఎటు వైపు నుంచి వస్తోందో అందులో స్పష్టంగా ఉంది. నువ్వు ఫోటో చూసి రాయలేదు. రైలు అనగానే ఇంజను ముందుంటుందని ఊహించి రాశావు.

అదే ఫోటోలో మీ అమ్మగారు రైలు పక్కన నిలబడి పైట చెంగుతో ఒక కన్ను మూసుకుని ఉన్నారు. కింద నీ వ్యాఖ్య: "నీలగిరి గాలికి సిగ్గుపడిన అమ్మ." చుట్టూ వెండిరంగు కాగితపు పూలు.

అమ్మాయీ, నువ్వు పక్కన పెట్టేసిన చీటీ ఇంకో ఫోటో మూలలో సగం పడింది. దాన్ని పెద్దది చేసి చూశాను. నాకు కనిపించిన వరుస ఇది: టికెట్లు, రీళ్లు 2, ఇడ్లీ, కాఫీ, కంటి మందు 8-50, మంకీ క్యాపులు, నీలగిరి తైలం. ఆ రోజుల్లో ఆ ఇంజన్లు బొగ్గుతో నడిచేవి. ఇంజను వెనక ఉంటే నుసి పడేది ఎక్కువగా చివరి పెట్టె మీదే. మీరు చివరి పెట్టెలో కూర్చున్నారేమో, మీ అమ్మగారి కంట్లో బొగ్గు నుసి పడిందేమో, కూనూరులో దిగీ దిగగానే మీ నాన్నగారు మందుల షాపు వెతుక్కుంటూ వెళ్లారేమో. కాకపోవచ్చు కూడా, ఆ మందు మీ తమ్ముడికే కొని ఉండవచ్చు. కానీ అడిగావా? అమ్మ పక్క గదిలోనే ఉంటుందని నువ్వే రాశావు. ఆవిడ కన్ను మంటపెట్టి నీళ్లు కారుతూ నిలబడితే, ముప్పై ఏళ్ల తర్వాత కూతురు దాన్ని సిగ్గు అని రాసి పూలు అంటించింది. ఇంతకంటే ఆవిడకు చేయగల అపచారం నాకు తోచడం లేదు.

ఇంకొకటి. రీళ్లు 2 అని ఉంది. ఒక రీలుకు 36 ఫోటోలు. నీ ఆల్బమ్‌లో లెక్కపెట్టాను, ముప్పై మూడు. రెండో రీలు ఏమైనట్టు? కడిగించలేదా, వెలుతురు తగిలి పాడైందా, ఎవరికైనా ఇచ్చేశారా? అది కదా నీ వ్యాసం! బొటానికల్ గార్డెన్ పూల వర్ణన ఎవరికి కావాలి?

నేను ఎప్పటి నుంచో ఒకే మాట అంటున్నాను, వినేవాళ్లు తగ్గిపోయారు. ధర రాయండి. ఎంతయిందో, ఎవరు ఇచ్చారో, చిల్లర ఎంత మిగిలిందో రాయండి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, దిగడానికి వసతి ఉందో లేదో, తోవ ఎలా ఉందో దినచర్యగా రాసుకుంటూ పోయాడు. రెండు వందల ఏళ్లు కావస్తున్నా ఆ మనిషి వెంట నడుస్తున్నట్టే ఉంటుంది. మనవాళ్లేమో నిన్న తిరుపతి వెళ్లి వచ్చి "మాటల్లో చెప్పలేని అనుభూతి" అని రాస్తారు. చెప్పలేకపోతే రాయడం దేనికి?

ఈ విషయంలో నాకు పాత కక్ష ఉంది. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక కథ రాశాను. భార్యను పుట్టింటికి పంపుతూ భర్త చేతిలో రెండు రూపాయల ముప్పై పైసలు పెడతాడు. అది బెజవాడ నుంచి గుంటూరుకు సరిగ్గా పోయే ఛార్జీ. తిరిగి రావడానికి ఇవ్వలేదన్నమాట. ఆమె బస్టాండులో ఆ డబ్బు లెక్కపెట్టుకుని బెంచీ మీద కూలబడుతుంది. కథంతా ఆ పైసల్లోనే ఉంది. ఒక వారపత్రిక వేసుకుంది. సంతోషంగా విప్పి చూస్తే ఏముంది? సంపాదకుడు ఆ అంకె కొట్టేసి "కొంత డబ్బు" అని మార్చాడు. పాఠకులకు లెక్కలంటే విసుగట! తర్వాత వారాల్లో ఉత్తరాలు వచ్చాయి, బెంచీ మీద ఆవిడ ఎందుకు ఏడ్చిందో అర్థం కాలేదని. ఆ సంపాదకుడికి నేను రాసిన జవాబు అచ్చు వేయలేదు. ఆ పత్రిక మూతపడింది, నాకేం బాధ కలగలేదు.

అప్పట్లో మా ఇంటి పద్దుల పుస్తకంలో పాలు, కిరోసిన్, చాకలి, వాటి కింద "కథ" అని ఒక వరుస ఉండేది. కథ పత్రికకు పోవడానికి తపాలా బిళ్లలు, తిరిగి రావడానికి కవరు మీద అంటించి పెట్టే బిళ్లలు, అరఠావులు. మా ఆయన నెలాఖరున కూడి, "ఈ నెల కథ కిరోసిన్‌ను దాటింది" అనేవారు. కోపంతో కాదు, మామూలుగానే. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. నా కథలు ఏ సంవత్సరం ఎన్ని తిరిగి వచ్చాయో దాన్ని చూస్తేనే తెలుస్తుంది, నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం లేదు. పారితోషికం వచ్చిన నెలలు ఎర్ర సిరాతో ఉంటాయి. ఎర్రవి తక్కువ.

ఇప్పుడేమో జ్ఞాపకాల రుతువు నడుస్తోంది. సంక్రాంతి పోటీకి వచ్చిన కథలు పరిశీలించమని ఒకసారి కట్ట తెచ్చి ఇచ్చారు. ప్రతి దాంట్లోనూ పెంకుటిల్లు, వేపచెట్టు, అమ్మమ్మ చేతి ముద్ద. ఏ అమ్మమ్మా ఎవరికీ బాకీ ఉండదు! ఏ తాతా పొగాకు ధర పడిపోయిందని మంచం పట్టడు! గుంటూరు జిల్లాలో పుట్టి మిరప ధర గురించి ఒక్క మాట లేకుండా బాల్యం రాయగలిగినవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వవద్దన్నాను. మళ్లీ నన్ను పిలవలేదు.

ఇక ఆల్బమ్ పని. జిగురు పేజీ మీద పల్చటి ప్లాస్టిక్ పొర మూసే ఆల్బమ్‌లో ఫోటోలు పెట్టినట్టున్నావు. తీసెయ్. ఆ జిగురు కొన్నేళ్లకు పచ్చబడి ఫోటోకు పట్టేస్తుంది, లాగితే చిరుగుతుంది. మొండికేసిన చోట గోళ్లతో పీకవద్దు, దారం కిందికి దూర్చి మెల్లగా జరుపు. ఆమ్లం లేని మందపాటి కాగితం తెచ్చుకుని, ఫోటో మూలలకు కాగితపు కార్నర్లు పెట్టి నిలుపు. సెల్లోటేపు అసలు వద్దు. ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాస్తే ముందు వైపు గీతలు తేలతాయి, మెత్తటి పెన్సిల్‌తో రాయి. చీటీ సిరా వెలిసిపోయేలా ఉంది కాబట్టి ముందు జిరాక్సు తీయించు. జిరాక్సు దాచుకో, అసలును ఐదో పేజీకి ఎదురుగా పెట్టు. రంగు నప్పకపోతే నప్పకపోనీ.

ఆ "పాతకాలపు రైలు టికెట్" స్టిక్కరు పీకేయ్. అప్పటి అట్ట టికెట్లు దిగేటప్పుడు గేటు దగ్గర తీసేసుకునేవారు. ఎవరో అచ్చు వేసి అమ్మిన టికెట్ మీ ప్రయాణంలో ఎక్కడిది? "మధుర స్మృతులు" అని బంగారు అక్షరాలు కూడా. మీ తమ్ముడు దారి పొడవునా వాంతులు చేసుకున్నాడని నువ్వే ఒక చోట పొరపాటున రాసేశావు. వ్యాసం మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదే, దాన్ని తీయకు.

ఏ పత్రికకు పంపాలని అడగడం తొందరపాటు. ముందు అమ్మను కూర్చోబెట్టుకుని చీటీలో ఒక్కో వరుసా చదివి వినిపించు. ఆవిడ చెప్పేది మధ్యలో అడ్డుకోకుండా రాసుకో. ఫోనులో రికార్డు చేస్తే ఆవిడ పరాయివాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది, కాగితం మీదే రాసుకో.

ముందుమాట అడిగావు, నేను రాయను. ఒకసారి రాసి ఇస్తే, ఆ పుస్తకం వేసినవాళ్లు నా విమర్శ తీసేసి పొగడ్త మాత్రం వెనక అట్ట మీద వేసుకున్నారు.

ఆల్బమ్ తెచ్చి చూపించాలంటే ఆదివారం ఉదయం రా. మధ్యాహ్నం పడుకుంటాను, బెల్లు కొట్టినా లేవను. గుంటూరు నుంచి బస్సులో వస్తే దాన్ని పై అరలో పెట్టి మరిచిపోకు, ఒళ్లోనే పెట్టుకో. భోజనం ఇక్కడే.

ఆశీస్సులతో,
సత్యనారాయణపురం, విజయవాడ