హాలీవుడ్ బడ్జెట్లు చూసి ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ ఫైనల్ ఇయర్. క్యాంపస్ ఇంటర్వ్యూలకి కూర్చోనంటున్నాడు. లాస్ ఏంజెలెస్ వెళ్లి విజువల్ ఎఫెక్ట్స్‌లో మాస్టర్స్ చేస్తాడట. "ఒక్కో సినిమాకి 300 మిలియన్ డాలర్లు పెడుతున్నారు, అంత డబ్బు తిరిగే చోట ఉద్యోగానికి లోటేంటి నాన్నా" అంటాడు. మొత్తం 70 లక్షలవుతుంది. ఇల్లు తాకట్టు పెడితే తప్ప అంత లోన్ రాదు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందే చెప్పేస్తున్నానండీ, ఇల్లు తాకట్టు పెట్టొద్దు. బాబుకి ఆ పని మీద ఉన్న ఇష్టాన్ని నేను కాదనడం లేదు, దాని గురించి చివర్లో వాడితోనే మాట్లాడతాను. కానీ బడ్జెట్ పెరిగితే ఉద్యోగాలూ పెరుగుతాయన్న లెక్క దగ్గరే తేడా వచ్చింది, మీరు 70 లక్షలు పెట్టబోయేది ఆ లెక్క మీదే.

1997లో టైటానిక్‌కి 200 మిలియన్లు అయితే ఒక్క స్టూడియో మోయలేక రెండు కలిసి భరించాయి. ఇప్పుడు పెద్ద సినిమా అంటే 200 మామూలు మాట అయిపోయింది. 2023లో వచ్చిన ఇండియానా జోన్స్ సినిమానే తీసుకోండి. ఖర్చు 300 మిలియన్లకి అటూ ఇటూ, అంటే మన డబ్బుల్లో సుమారు 2,500 కోట్లు. ప్రపంచమంతా ఆడి వసూలు చేసింది 384 మిలియన్లు. చూడ్డానికి లాభంలాగే ఉంటుంది, కానీ టికెట్ డబ్బుల్లో దాదాపు సగం థియేటర్లకే పోతుంది కాబట్టి స్టూడియో చేతికొచ్చేది ఏ 190 దగ్గరో ఆగిపోతుంది, పబ్లిసిటీకి పెట్టింది ఇందులో లేనే లేదు. ఇలాంటి దెబ్బ రెండు మూడు తగిలితే ఏ స్టూడియో అయినా సినిమాల సంఖ్య తగ్గిస్తుంది. కుర్రాళ్లకి పని దొరికేది ఆ సంఖ్యని బట్టే, ఒక్కో సినిమా సైజుని బట్టి కాదు.

ఇంతకీ ఆ డబ్బంతా ఎటు పోతుందంటే, స్టార్ల పారితోషికాలకి, తీసిన సీన్లే మళ్లీ తీయడానికి, స్క్రిప్ట్ పూర్తి కాకముందే రిలీజ్ డేట్ ప్రకటించేసి చివర్లో పడే హడావిడికి. ఓటీటీ సినిమాలకైతే తర్వాత వసూళ్లలో వాటా ఇచ్చే వీలుండదు, అందుకని పెద్ద స్టార్లకి మొత్తం ముందే చెల్లించేస్తున్నారు. ఎఫెక్ట్స్ కంపెనీల సంగతి వేరే. వాటికి పని టెండర్ పద్ధతిలో వస్తుంది, తక్కువకి కోట్ చేసినవాడికే ఇస్తారు. ఇల్లు గుత్తకి ఇచ్చి, గోడలు లేచాక గుమ్మం అటు తిప్పు, మెట్లు ఇటు మార్చు అంటే మేస్త్రీ గతి ఏమవుతుంది? అచ్చం అదే. మార్పులు వస్తూనే ఉంటాయి, రేటు మాత్రం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇది మన హైదరాబాద్‌కి తెలియని కథ కాదు. రిథమ్ అండ్ హ్యూస్ అనే లాస్ ఏంజెలెస్ కంపెనీకి ఇక్కడ కూడా స్టూడియో ఉండేది. లైఫ్ ఆఫ్ పైలో పులిని చేసింది వాళ్లే. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకి ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. దానికి దాదాపు రెండు వారాల ముందే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అవార్డు చేతిలో పట్టుకుని సూపర్‌వైజర్ తమ కంపెనీ కష్టం చెప్పబోతుంటే జాస్ సినిమా సంగీతం పెట్టి మైక్ ఆపేశారు, హాలు బయట అదే రోజు వందల మంది ఎఫెక్ట్స్ కళాకారులు ధర్నా చేస్తున్నారు. సినిమా మాత్రం 600 మిలియన్లు దాటింది. పాతకాలం మాట అనుకుంటారేమో, 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద ఎఫెక్ట్స్ కంపెనీ కూలిపోయినప్పుడు బెంగళూరు, ముంబయి ఆఫీసుల్లో వేల మంది రోడ్డున పడ్డారు.

నా దగ్గర సలహా తీసుకుని ఈ రంగంలోకి వెళ్లిన అమ్మాయి ఒకతి రోటో చేస్తుంది, అంటే షాట్‌లో మనిషినో వస్తువునో వెనకున్న దృశ్యం నుంచి వేరు చెయ్యడానికి చుట్టూ గీత గీయడం. నాలుగు సెకన్ల షాట్ అంటే 96 ఫ్రేములు. గాలికి ఎగిరే జుట్టు చుట్టూ ఒక్కో ఫ్రేములో గీత గీసుకుంటూ వారం పైన కూర్చుంది. తీరా ఎడిటింగ్‌లో ఆ షాట్ ఎగిరిపోయింది. తను బాధపడలేదు, ఇష్టపడి చేస్తోంది, కానీ మొదటి రెండేళ్లు జీతం నెలకి 20 వేలు దాటలేదు. మీ ఈఎంఐ పక్కన ఆ అంకె పెట్టి చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ పనిలో పెద్ద భాగం ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో లేదు. పన్ను రాయితీలు ఎక్కడిస్తే అక్కడికి, అంటే లండన్, వాంకూవర్, మాంట్రియల్, సిడ్నీలకి వెళ్లిపోయింది, కొంత మన ముంబయి, చెన్నై, బెంగళూరులకీ వచ్చింది. పోయిన పనిని వెనక్కి రప్పించాలని కాలిఫోర్నియా 2025లో తను ఏటా ఇచ్చే రాయితీని 330 మిలియన్ల నుంచి 750కి పెంచుకోవాల్సి వచ్చింది. అందుకే ఆ ఊరే ఎందుకని వాడిని అడగండి. వెళ్లక తప్పదంటే ఆ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. ఉంటే చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి, మూడేళ్లు, లేకపోతే ఒక్క ఏడాదే.

బాబూ, ఇక నీతో. గాడ్జిల్లా మైనస్ వన్ అనే జపాన్ సినిమాకి ఎఫెక్ట్స్ ఎంతమంది చేశారో తెలుసా? 35 మంది, 610 షాట్లు. సినిమా మొత్తం ఖర్చు 15 మిలియన్లు కూడా లేదు, 2024లో ఎఫెక్ట్స్ ఆస్కార్ దానికే. మరుసటి ఏడాది యానిమేషన్ ఆస్కార్ తీసుకున్న ఫ్లో సినిమాని బ్లెండర్‌లో చేశారు, ఆ సాఫ్ట్‌వేర్ నీకూ ఉచితమే. హూడినీ అప్రెంటిస్, న్యూక్ నాన్ కమర్షియల్ అనే ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్లు కూడా డబ్బులివ్వకుండా దొరుకుతాయి. ఆర్నెల్లు కూర్చుని నీ పని చూపించే ఒక్క నిమిషం రీల్ చెయ్యి, అన్నీ ముట్టుకోకు, నీళ్లో, పొగో, కంపోజిటింగో (విడివిడి బొమ్మల్ని ఒక్క షాట్‌గా కలపడం) ఒక్కటే పట్టుకో. నువ్వు సీఎస్ఈ వాడివి, పైథాన్, సీ ప్లస్ ప్లస్ వచ్చినవాళ్లని స్టూడియోలు పైప్‌లైన్ టీడీలుగా, అంటే కళాకారులు వాడే టూల్స్ రాసే టెక్నికల్ డైరెక్టర్లుగా తీసుకుంటాయి, డ్రాయింగ్ మాత్రమే వచ్చినవాళ్లకి ఆ దారి లేదు. క్యాంపస్ ఇంటర్వ్యూలకి కూర్చో. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు రీల్ మీద పెట్టు, పూర్తయ్యాక నాకు పంపు, నిజంగా బాగుంటే ఏ ఊళ్లో ఏ స్టూడియోకి వెయ్యాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

అయ్యా, మీరు మాత్రం వాడి లాప్‌టాప్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉందో లేదో అడగండి. లేకపోతే ముందు అది కొనిపెట్టండి.