టెక్ సందేహాలు: లెక్క వచ్చు, ఏ లెక్కో తెలియట్లేదు

పరీక్షల కాలం దగ్గర పడితే నాకొచ్చే మెసేజీల రంగు మారుతుంది. ఫోన్ వేడెక్కుతోంది, బ్యాటరీ దిగిపోతోంది అనే గోల తగ్గి, పిల్లకాయల చదువుల గోల మొదలవుతుంది. ఈసారి దాదాపు అన్నీ లెక్కల గురించే. కాబట్టి ప్రింటర్ల సంగతి వచ్చే వారం చూద్దాం.

సార్, మా పాప పదో తరగతి. ఇంట్లో ఏ అభ్యాసం ఇచ్చినా గడగడా చేసేస్తుంది. ప్రీఫైనల్‌లో మాత్రం వందకు 54 వచ్చాయి. అడిగితే ‘అన్నీ వచ్చిన లెక్కలేనమ్మా, ఏ లెక్కో తెలియలేదు’ అంటోంది. అన్ని పాఠాలూ కలిపి లెక్కలిచ్చి, చేసిన విధానం కూడా చూపించే యాప్ ఏదైనా ఉందా? డబ్బులు కట్టేదైనా ఫర్వాలేదు.
— ఒక తల్లి, కావలి

డబ్బులు ఇప్పుడే కట్టకండమ్మా. మీ పాప ఒక్క ముక్కలో జబ్బేమిటో తనే చెప్పేసింది: ‘ఏ లెక్కో తెలియలేదు.’

వర్గ సమీకరణాల అభ్యాసం తెరిచామనుకోండి. పైన పేరు రాసే ఉంటుంది. కింద ఉన్న పది లెక్కలకూ పద్ధతి ఒకటే. మొదటి రెండూ చేశాక మిగతావి చెయ్యి చేసుకుపోతుంది, బుర్రకు పెద్ద పనుండదు. పరీక్ష పేపర్లో ఆ పేరు ఉండదు. మన ఆంధ్రప్రదేశ్ పదో తరగతి లెక్కల పేపర్లో 33 ప్రశ్నలు ఉంటాయి: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఏ ప్రశ్న ఏ పాఠంలోదో పిల్లలే పోల్చుకోవాలి. ఆ పోల్చుకోవడం ఇంట్లో ఒక్కసారి కూడా చేయలేదంటే హాల్లో టెన్షన్ రాక ఏమవుతుంది?

ఒక లెక్క చూడండి. అల్లూరు వైపు ఒక రొయ్యల గుంట ఉంది. దాని పొడవు వెడల్పు కంటే 20 మీటర్లు ఎక్కువ, విస్తీర్ణం 4800 చదరపు మీటర్లు. ఒక మూల నుంచి ఎదురు మూలకు తాడు కట్టాలంటే ఎంత తాడు కావాలి?

ఇది ఏ పాఠం? వెడల్పు ‘వ’ అనుకుంటే వ × (వ + 20) = 4800. అంటే వ² + 20వ − 4800 = 0. విడగొడితే (వ + 80)(వ − 60) = 0. గుంట వెడల్పు మైనస్ 80 ఉండదు కాబట్టి 60 మీటర్లు, పొడవు 80. ఇక్కడితో వర్గ సమీకరణాల పని అయిపోయింది. తాడుకు పైథాగరస్ కావాలి: 60² + 80² = 3600 + 6400 = 10,000. వర్గమూలం 100. తాడు 100 మీటర్లు. రెండు పాఠాలూ విడివిడిగా వచ్చిన పిల్ల కూడా ‘కర్ణం’ అన్న మాట ప్రశ్నలో లేకపోవడంతో ఇక్కడ ఆగిపోతుంది. (సెంట్లలో సుమారు 119. ఎంత గొప్ప యాప్ అయినా గుంటను సెంట్లలో చెప్పదు లెండి.)

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో డగ్ రోరర్ బృందం 54 ఏడో తరగతి సెక్షన్లలో దీన్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించింది. అందరికీ ఇచ్చినవి అవే లెక్కలు. కొందరికి ఒకే రకం లెక్కలు ఒకచోట పేర్చి ఇచ్చారు, కొందరికి కలగలిపి ఇచ్చారు. నెల తర్వాత ముందు చెప్పకుండా పరీక్ష పెడితే కలగలిపి చేసినవాళ్లకు సగటున 61 శాతం, పేర్చి చేసినవాళ్లకు 38 శాతం వచ్చాయి. తేడా వరుసలోనే. ఒక హెచ్చరిక: కలిపి చేసేటప్పుడు తప్పులు ఎక్కువే వస్తాయి. మొదటి వారం ‘ఇదేంది, ఉన్నది కూడా పోయింది’ అని పాప ఏడుపు మొహం పెడుతుంది. మీరు కంగారు పడొద్దు.

నేను ఇంతకుముందు తప్పు చేసినవాణ్ణే. మా మేనల్లుడి కోసం ఒక యాప్‌కు ఏడాది డబ్బు ఒకేసారి కట్టాను. పేరెందుకు లెండి. దాంట్లో లెక్కలన్నీ పాఠాల వారీగానే ఉండేవి, జవాబు కరెక్టయితే స్క్రీన్ మీద టపాసులు పేలేవి. వాడు టపాసుల కోసం సులువైన పాఠాలే తిప్పి తిప్పి చేశాడు. మూడో నెలకే అది తెరవడం మానేశాడు. డబ్బు వెనక్కి రాలేదు.

ఇక మీరడిగిన యాప్. 2024-25 నుంచి మన పదో తరగతికి కూడా ఎన్‌సీఈఆర్‌టీ లెక్కల పుస్తకమే వచ్చింది కాబట్టి ఖాన్ అకాడమీలో ఉన్న పదో తరగతి లెక్కల కోర్సు మనకు చాలావరకు సరిపోతుంది. అది పూర్తిగా ఉచితం. అందులో ‘కోర్స్ ఛాలెంజ్’ అని ఉంటుంది, అన్ని పాఠాల నుంచీ లెక్కలు ఏరి కలిపి ఇస్తుంది. రాకపోతే మెట్టు మెట్టుగా ఎలా చేయాలో చూపిస్తుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఇబ్బంది ఉండదు.

నన్నడిగితే ఇంతకంటే మంచి యాప్ మీ ఇంట్లోనే తయారవుతుంది. గూగుల్ షీట్స్ తెరవండి. ఒక్కో వరుసలో ఒక్కో లెక్క: పాఠం పేరు, పుస్తకంలో పేజీ, లెక్క నంబరు, జవాబు ఎక్కడుందో. పాప ఇదివరకే చేసినవి పాఠానికి ఎనిమిది చొప్పున ఎక్కించినా 14 పాఠాలకు 112 లెక్కలు. కంప్యూటర్‌లో ఆ వరుసలన్నీ సెలెక్ట్ చేసి, డేటా మెనూలో ‘రాండమైజ్ రేంజ్’ నొక్కితే పేకముక్కల్లా కలిసిపోతాయి. పాఠం పేరున్న నిలువు వరుసను దాచేయండి, లేకపోతే చేసిందంతా వృథా. పై నుంచి రోజుకు ఎనిమిది చాలు. కంప్యూటర్ లేకపోతే లెక్క నంబర్లు చీటీల మీద రాసి బియ్యం డబ్బాలో వేసి తీయించండి. ఫలితంలో తేడా ఏమీ ఉండదు, టెక్ కాలమ్‌లో చెప్పడానికి సిగ్గుగా ఉందిగానీ.

ఆ షీట్‌లో చివర ఇంకొక్క నిలువు వరుస పెట్టండి: ‘తప్పు ఎక్కడ?’ మూడే జవాబులు. పద్ధతి తట్టలేదు, కూడికో గుర్తో తప్పింది, ప్రశ్న సరిగా చదవలేదు. రెండు వారాలకు ఏది ఎక్కువుందో కళ్ల ముందు కనబడుతుంది. మైనస్ గుర్తు మర్చిపోయే పిల్లకు ఇంకో ట్యూషన్ పెట్టి ప్రయోజనం లేదు.

అయితే కొత్త పాఠాన్ని మాత్రం మొదటిరోజే కలగాపులగం చేయొద్దు. కొత్త పాఠానికి ముందు చేసి చూపించిన లెక్కలే చదవాలి. ఎట్టాగంటే, మొదటి లెక్క మొత్తం చదవడం. రెండోదానికి చివరి మెట్టు కాగితంతో మూసి తనే రాయడం. మూడోదానికి చివరి రెండు మెట్లు. అట్టా మూస్తూ పోతే నాలుగైదు లెక్కలకు మొత్తం పేజీ మూసేయొచ్చు. అప్పుడు ఆ పాఠం కూడా డబ్బాలో కలపండి.

అంకుల్, ఫోటో తీస్తే లెక్క చేసి చూపించే యాప్ వాడుతున్నాను. అమ్మ దాన్ని కాపీ కొట్టడం అంటోంది. ఫోన్ లాక్కుంది. మీరైనా చెప్పండి.
— తొమ్మిదో తరగతి విద్యార్థి, ఒంగోలు

చెప్తాను నాయనా, కానీ సగం మీ అమ్మ వైపే. ఫోటోమ్యాత్ లాంటివి సమీకరణాలకు బాగా పనిచేస్తాయి, మెట్లన్నీ ఉచితంగా చూపిస్తాయి. వివరణ ఇంకా లోతుగా కావాలంటే డబ్బు అడుగుతుంది, అది నీకు అక్కర్లేదు. నువ్వు ఫోటో ఎప్పుడు తీస్తున్నావన్నదే అసలు సంగతి. లెక్క చూడగానే తీస్తే అది కాపీయే. పది నిమిషాలు కుస్తీ పట్టి, జవాబు రాసి, తర్వాత తీస్తే అది మాస్టారు దిద్దినట్టు.

ఇంకో పని చెయ్. జవాబు తప్పయినప్పుడు యాప్ మెట్లను మొత్తం చూడకు. పై నుంచి ఒక్కో మెట్టూ నీ నోట్సుతో పోల్చుకుంటూ రా. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఫోన్ మూసేసి, మిగతాది నువ్వే పూర్తి చెయ్. మూడు రోజుల తర్వాత అదే లెక్క ఫోన్ లేకుండా మళ్లీ చెయ్. ఈ ఒప్పందం కాగితం మీద రాసి మీ అమ్మకు చూపిస్తే ఫోన్ తిరిగి వచ్చే అవకాశం ఉంది. గ్యారంటీ మాత్రం నేనివ్వను.

ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే ఎన్ని లెక్కలైనా ఇస్తోంది కదా, ఇంకా ఈ పుస్తకాలు ఎందుకు?
— ఒక డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

ఇస్తుంది. నేనూ అడిగాను, ‘పదో తరగతి స్థాయిలో పది రకాల లెక్కలు, చేసిన విధానంతో సహా’ అని. తొమ్మిది బాగున్నాయి. పదోదాంట్లో 5, 7, 13 సెంటీమీటర్ల భుజాలతో త్రిభుజం గీసి దాని వైశాల్యం కనుక్కోమంది. 5కూ 7కూ కలిపితే 12, అది 13 దాకా చేరదు. ఆ త్రిభుజం మూసుకోదు. చాట్‌బాట్ మాత్రం ఏ అనుమానం లేకుండా జవాబు కూడా చెప్పింది. మీకు సబ్జెక్టు తెలుసు కాబట్టి పట్టుకుంటారు, మీ తమ్ముడు పట్టుకోలేడు. జవాబును వెనక్కి సమీకరణంలో పెట్టి సరిచూసే అలవాటున్నవాళ్లు వాడుకోవచ్చు. మిగతావాళ్లు పుస్తకంలోని లెక్కకే ‘అంకెలు మార్చి ఇంకోటి ఇవ్వు’ అని అడగడం వరకే ఉంచుకుంటే మంచిది.

మా ఊళ్లో సిగ్నల్ మేడ ఎక్కితేనే. నెట్ లేకుండా ఏం చేయాలి?
— కనిగిరి దగ్గరి పల్లె నుంచి

పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ప్రభుత్వ పాఠాల యాప్ ‘దీక్ష’తో స్కాన్ చేసి, కనిగిరి వచ్చినప్పుడు పాఠాలు డౌన్‌లోడ్ చేసుకోండి. తర్వాత నెట్ లేకున్నా తెరుచుకుంటాయి. గ్రాఫులకు జియోజీబ్రా యాప్ ఒకసారి వేసుకుంటే ఆఫ్‌లైన్‌లోనే నడుస్తుంది. బడిలో పాత కంప్యూటర్ ఏదైనా ఉంటే మీ మాస్టారికి ‘కొలిబ్రి’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి చెప్పండి. పాఠాలూ లెక్కలూ ఒకసారి దాంట్లోకి దించుకుంటే, బడిలోని వైఫై మీదే అన్ని ఫోన్లలోనూ చూడొచ్చు.

నేను లెక్కల టీచర్ని. తెలుగు మీడియం పిల్లలకు కలగలుపు లెక్కల పేపర్లు తయారు చేస్తున్నాను. డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించినది వాట్సాప్‌లో పెడితే పిల్లల ఫోన్లలో పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఘాతాలు, వర్గమూలాలు టైప్ చేయడం కూడా రావట్లేదు.
— ఒక ఉపాధ్యాయిని, ఆత్మకూరు

మేడమ్, డీటీపీ సెంటర్లలో ఇంకా పాత ఫాంట్లే నడుస్తున్నాయి. అవి యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనబడే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో అక్షరాలు గందరగోళం అవుతాయి. వాళ్లను ఫైల్ కాకుండా పీడీఎఫ్ ఇమ్మనండి, పిల్లలకు సరిగ్గా కనబడుతుంది. కానీ రేపు అందులోంచి ఒక లెక్క కాపీ చేద్దామంటే మళ్లీ పిచ్చి అక్షరాలే. అందుకని కొత్తవి మీరే యూనికోడ్‌లో కొట్టుకోండి. ఫోన్‌లో గూగుల్ కీబోర్డ్‌కు తెలుగులో చెప్తే రాసిపెడుతుంది.

పాత పేపర్ల ఫోటోలుంటే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు అక్షరాలు చాలావరకు సరిగ్గానే వస్తాయి. ఘాతాలు మాత్రం చెడతాయి, 2² కాస్తా 22 అయిపోతుంది. అవి ఒక్కొక్కటీ చూసుకోవాల్సిందే.

వర్డ్‌లో ఆల్ట్ కీ పట్టుకుని ఈక్వల్ టు నొక్కితే సమీకరణం పెట్టె తెరుచుకుంటుంది. అక్షరం కొట్టి, టోపీ గుర్తు (ఆరు అంకె మీద ఉండేది), 2, స్పేస్ కొడితే వర్గం పైకి ఎక్కుతుంది. వర్గమూలం, భిన్నం పైన మెనూలోనే ఉంటాయి. తెలుగు మాటలను ఆ పెట్టె బయటే ఉంచండి, లోపల పెడితే అక్షరాలు తేడాగా వస్తాయి. ఒక మనవి: జవాబులు వేరే పేజీలో ఇవ్వండి. లెక్క కిందే ఇస్తే ఎంత మంచి పిల్లకాయల కళ్లైనా కిందికే జారతాయి.

సార్, మా నాన్న చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. 2.4 మీ. × 1.5 మీ. × 1.2 మీ. బండను 2 సెం.మీ. మందం పలకలుగా కోస్తే ఎన్ని వస్తాయని లెక్క ఉంది. యాప్ 60 అంది. నాన్న నవ్వి, కోతకోతకీ అర సెంటీమీటరు పొడి అయిపోతుంది, 48కి మించి రావు అన్నాడు. ఎవరు కరెక్ట్?
— పదో తరగతి విద్యార్థి

ఇద్దరూ కరెక్టే. ఎత్తు 120 సెంటీమీటర్లు, 2తో భాగిస్తే 60. ప్రశ్నలో పొడి సంగతి లేదు కాబట్టి పరీక్షలో అదే రాయి. ఇప్పుడు మీ నాన్న లెక్క చూద్దాం. 48 పలకలకు 96 సెంటీమీటర్లు. వాటి మధ్య 47 కోతలు, ఒక్కోదానికి అర సెంటీమీటరు, మొత్తం 23.5. రెండూ కలిపితే 119.5. ఇంకా అర సెంటీమీటరు మిగిలింది, దాంతో 49వ పలక రాదు. ఆయన ఇదంతా కాగితం లేకుండా చెప్పాడంటే, రంపం మందం 4 మిల్లీమీటర్లయితే ఎన్ని వస్తాయో ఇవాళ రాత్రి అన్నం దగ్గర అడుగు. ముందు నువ్వు చేసి జవాబు జేబులో పెట్టుకో.