మీరు అడిగారు, మేం చెప్తాం: ఊరేగే స్వామి ఎవరు?

ప్రశ్న: తిరుమలలో గరుడ సేవ రోజు మాడవీధుల్లోకి వచ్చే స్వామి విగ్రహం శ్రీకృష్ణదేవరాయలు చేయించి ఇచ్చిందే అని మా బాబాయ్ పందెం కట్టి మరీ చెప్తున్నాడు. నిజమేనా?
- చీరాల నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బాబాయ్ గారు పందెం ఓడిపోయారమ్మా, డబ్బులు వసూలు చేసుకోండి. ఊరేగే ఆయన మలయప్ప స్వామి, ఆయన పేరు 1339 నాటి శాసనంలోనే ఉంది, రాయలేమో మొదటిసారి కొండెక్కింది 1513లో. మలయప్ప రాకముందు ఊరేగింపుకి అదే గుడిలోని ఇంకో మూర్తి ఉగ్ర శ్రీనివాసుణ్ణి తీసేవాళ్ళని, ఒకసారి బ్రహ్మోత్సవాల్లో నిప్పంటుకుని ఇళ్ళు కాలిపోతే స్వామి ఒక భక్తుడి మీదకి పూని ఇకనుంచి వేరే మూర్తిని తీయండని చెప్పాడని, అలా వెతికితే కొండకోనలో ఈయన దొరికాడని కథ.

రాయలు ఇవ్వలేదని కాదు, బోలెడు ఇచ్చారు. 1513లో కర్పూర హారతికి 25 వెండి పళ్ళాలు, 1514లో ఉదయగిరి గెలిచి వచ్చాక 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం, 1518లో గర్భగుడి పైనున్న విమాన గోపురానికి బంగారు పూత, మొత్తం ఏడుసార్లు వచ్చాడాయన. మహాద్వారం దాటగానే కుడివైపు చూడండి, పొడుగాటి టోపీ పెట్టుకుని ఇద్దరు రాణుల మధ్య దణ్ణం పెడుతూ విగ్రహంగా నిలబడి ఉంటాడు, కాకపోతే మనం అక్కడికొచ్చేసరికి చూపంతా లోపలికే ఉంటుంది కాబట్టి చాలామంది ఆయన్ని చూడకుండానే వెళ్ళిపోతారు.

కానీ నన్నడిగితే మీ బాబాయ్ గారు చెప్పాల్సిన పేరు సామవై. పల్లవుల కాలపు రాణి. ఆవిడ కాలం కొందరు 614 అంటారు, చరిత్రకారుల్లో కొందరు 966 అంటారు, ఆ గొడవ అలా ఉంచండి, గుడి గోడ మీద ఆవిడ తమిళ శాసనం మాత్రం ఇప్పటికీ ఉంది. ఆవిడ ఇచ్చిన చిన్న వెండి విగ్రహమే భోగ శ్రీనివాసుడు, శాసనంలో మణవాళ పెరుమాళ్ అని ఉంటుంది, అంటే పెళ్ళికొడుకు స్వామి. విగ్రహం ఇచ్చేసి ఊరుకోలేదు చూడండి, నగలు ఇచ్చింది, రోజూ నైవేద్యానికి, అఖండ దీపానికి, తమిళుల పురట్టాసి నెల ఉత్సవానికి ఖర్చు ఎక్కడినుంచి రావాలో ఆలోచించి భూమి కొని రాసిచ్చింది. ఉత్సవం అంటే మనకి వాహనం, బాజాలు గుర్తొస్తాయి గానీ దాని వెనక ఏటా ధాన్యం ఇచ్చే పొలం లేకపోతే నాలుగేళ్ళకే ఆగిపోతుంది, ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవలో పానుపు మీద పడుకోబెట్టేది ఈ వెండి స్వామినే. భక్త కవయిత్రి వెంగమాంబ పేరు మీద ఇచ్చే ముత్యాల హారతి కూడా అప్పుడే. అంటే సామవై ఇచ్చిన మూర్తికి వెయ్యేళ్ళు దాటినా ఇంకా రోజూ డ్యూటీ ఉందన్నమాట!

ప్రశ్న: రాజులు పోయారు కదా, మరి ఇప్పుడు బ్రహ్మోత్సవాలకి పట్టువస్త్రాలు ఎవరిస్తారు?
- ఖమ్మం పాఠకుడు

జవాబు: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. మామూలుగా ముఖ్యమంత్రే పళ్ళెం తలమీద పెట్టుకుని తెస్తారు, టీవీలో చూసే ఉంటారు. పళ్ళెం అదే, మోసే తల మారింది అంతే.

ప్రశ్న: ఉగ్ర శ్రీనివాసుణ్ణి అసలు బయటికి తీయరా? మా అమ్మమ్మ ఒకసారి చూశానంటుంది, మేం నమ్మట్లేదు.
- డల్లాస్ నుంచి ఒక తెలుగమ్మాయి

జవాబు: అమ్మమ్మని నమ్మండి. ఏడాదికి ఒక్కసారి, కార్తీక మాసం కైశిక ద్వాదశి నాడు తెస్తారు, అదీ తెల్లారకముందే, ఎండ ఆయన మీద పడకూడదని సూర్యుడు వచ్చేలోపే లోపలికి తీసుకెళ్ళిపోతారు. ఈసారి ఆ టైంలో ఇండియా వస్తే ముందురోజే కొండెక్కండి, స్వెటర్ మర్చిపోకండి, కార్తీకంలో ఆ వేళ కొండ మీద చలి మామూలుగా ఉండదు.